గోడవతలి సుత్తె చప్పుడు

"పడవకు మొదటి కొబ్బరికాయ పెద్దమ్మనే కొడ్తది. ఇగ గా ముచ్చట మల్ల తియ్యకు."

అంత మాట అనేసి మదన్ కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే మిగిలిపోయింది. పచ్చిపులుసు కోసం చేసుకున్న గుంటలో చేతులు కడిగిన నీళ్ళు నిండాయి.

వడ్డించడానికి వంగిన గిరిజ గరిటెతో అలాగే ఉండిపోయింది.

"నా మీది కోపం అన్నం మీద తీస్తవా కొడుకా? ఇంకో నాలుగు బుక్కలు తింటె అరిగిపోతవా?"

"కోపమేం లేదు. కడుపు నిండింది."

"నిండదా మరి! పొద్దుగాలనే ఆడ సర్వపిండి తింటివాయె."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పాల్నా? వాసనకు గోడ అడ్డమా?"

వసారాలో గోడకు చేరగిలబడి చిన్న రోట్లో తమలపాకు దంచుకుంటున్న రంగనాయకమ్మ రోకలి ఆపింది. అత్తగారికి పళ్ళు లేవు కానీ, చెవులు పాము చెవులు.

"ఎవలింట్ల తింటేందే, పోయేది వాని కడుపులకే గదా? వాడు తింటె నీకెందుకు అరుగుతలేదు?"

"అత్తమ్మా, మీరు జర ఊకోండ్రి."

"ఊకునే ఉన్న. ఊకుని ఊకుని నా నోరు తుప్పుపట్టె, ఆ పడవ లెక్క."

"సిలవర్‌కు తుప్పు పట్టది నానమ్మా," అని మదన్ నవ్వాడు. వారం రోజుల్లో ఈ ఇంట్లో వాడు నవ్వింది అదొక్కసారే. అదీ తన మాటకు కాదు. గిరిజ అది కూడా చూసింది.

"నేనేమన్నా తప్పు మాట అన్ననా?" గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. "మీ పెద్దమ్మ కొట్టద్దని నేనంటలేను, లోకమంటది. కొత్త బండికైనా, కొత్త మగ్గానికైనా ముత్తైదువ చెయ్యి పడాలె. మీ బాపు సిరిసిల్లల మగ్గాల షెడ్డు పెట్టిననాడు హారతి ఎవలు పట్టిండ్రు? నేను కాదా?"

"అది బాపు షెడ్డు, నువ్వు పట్టినవు. ఇది పెదబాపు పడవ. ఆయన పడవకు ఆయన భార్య చెయ్యి తాకితె అశుభమెట్లయితది? నువ్వే చెప్పు."

గిరిజ గరిటె గిన్నెలో పడేసింది. జవాబు లేని మాట విన్నప్పుడు మనిషికి వచ్చే మంట వేరు.

మదన్ తువ్వాలతో మూతి తుడుచుకుని, గోడలోని చిన్న తలుపు నెట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. వెళ్ళిన కాసేపటికే మొదలైంది.

టక్. టక్. టక్.

ఆ చప్పుడు గోడ మీదుగా వచ్చి సరాసరి గిరిజ రొమ్ములో తగులుతుంది. ఇవాళా తగిలింది.

* * *

ఒకప్పుడు ఆ గోడ లేదు. రాయికల్ అవతల, గోదావరి ఒడ్డు ఊళ్ళో తమ దొరల గడి విడిచిపెట్టి కోరుట్లకు వచ్చి పడ్డప్పుడు రెండు కుటుంబాలూ ఒక్క కప్పు కిందే ఉన్నాయి. గోడ తర్వాత లేచింది. లేపించింది గిరిజే అని లోకం అంటుంది. కాదనడానికి గిరిజకూ నోరు రాదు.

బావగారు ప్రభాకర్ రావు ఊళ్ళో ఉండగానే పోయాడు. గోదావరి అవతలి ఒడ్డున తన చేతులతో పెట్టుకున్న మామిడితోటలోనే దహనం చెయ్యమన్నాడు, అక్కడే సమాధి కట్టించారు. సంవత్సరీకం రాకముందే ఊళ్ళో కూలీ సంఘాలు లేచాయి, పాలేర్లు రావడం మానేశారు, గడి తలుపు మీద ఎర్ర కాగితం అంటించి ఉంది ఒక పొద్దున. ఇక ఉండలేక అందరూ లారీ ఎక్కారు.

ఆ రోజు గిరిజ ఇత్తడి బిందెలు ఎక్కించుకుంది, బీరువా ఎక్కించుకుంది. బావగారి భార్య, యారాలు లీల మాత్రం గొడ్లకొట్టంలో బోర్లా పడి ఉన్న పాత సిలవర్ పడవను ఎక్కించమన్నది. డ్యాం కట్టడం అయిపోయాక సర్కారు వేలంలో ఆమె మొగుడు కొన్న మోటారు పడవ అది. కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతుండేవి. "అక్కకు మతి పోయింది," అని గిరిజ ఆనాడు నవ్వింది.

ఈనాడు నవ్వు రావడం లేదు.

సమాధికి రోడ్డు మీద పోతే ఎక్కడెక్కడో తిరిగి అడవి నడుమ పోవాలి. ఈ రోజుల్లో ఆ దారిన పోయే ధైర్యం ఎవరికుంది? పడవ మీదైతే ఒక తమలపాకు నమిలే సేపు. మొగుడి సమాధి మీద ఒక్కసారి దీపం పెట్టి రావాలని లీల కోరిక. పెట్టిస్తానని మదన్ మాటిచ్చాడు. పాలిటెక్నిక్ చదివి, కొలువు దొరక్క, "సిరిసిల్లకు రారా, షెడ్డు చూసుకో," అని తండ్రి పిలిస్తే పోనివాడు, పెద్దమ్మ ఒక్క మాటకు ఆరు నెలలుగా ఆ పడవను అంటుకుని ఉన్నాడు.

అవతలి ఒడ్డు అంటే ఎవరి ఇలాకానో గిరిజకు తెలుసు. అటు పోతే అడవిలోని అన్నలు ఎవడివిరా నువ్వు అంటారు. ఇటు వస్తే పోలీసులు ఎక్కడికి పోయొస్తున్నవురా అంటారు. గడి పిల్లవాడికి రెండు ఒడ్లూ నిప్పే. రాత్రి కన్ను మూస్తే చాలు, ఖాళీ పడవ ఒకటి నీళ్ళ మీద తనంతట తాను తిరుగుతూ కనిపిస్తుంది ఆమెకు.

అది భయమా, కడుపుమంటా అని ఎవరైనా అడిగితే గిరిజ చెప్పలేదు. రెండూ ఒకే పొయ్యిలో కట్టెలు. ఏ కట్టె పొగ ఏదో ఎవరు విడదీస్తారు?

* * *

"ఏందమ్మా, మల్ల బండ ఎక్కినవా?" అన్నది సాయవ్వ.

సాయవ్వ రెండిళ్ళలోనూ అంట్లు తోముతుంది. గోడ ఆమెకు లెక్క లేదు. అవతల "పెద్ద దొరసాని" అంటుంది, ఇవతల ఉత్త "అమ్మా" అంటుంది. ఎందుకని గిరిజ ఎన్నడూ అడగలేదు, మరచిపోనూ లేదు.

"బట్టలు ఆరినయా అని చూస్తున్న."

"బట్టలు ఇటున్నయి. నువ్వు అటు చూస్తున్నవు."

గోడ పక్కన బట్టలుతికే బండ మీదినుంచి గిరిజ దిగలేదు. గోడ మీదుగా అవతలి వాకిలి అంతా కనబడుతోంది. నాలుగు కట్టె స్టాండ్ల మీద పడవ. లోపల లీల, దొరసాని అయి ఉండి, కొంగు నడుముకు దోపి, బాతులా కూర్చుని ఇనుప దిమ్మె ఒకటి రేకుకు ఆనించి పట్టుకుంది. బయట మదన్ సుత్తె. ఆ పడవకు మేకులుండవు, రివిట్లు. పాతవి వదులై నీళ్ళు కారుతుంటే ఒక్కొక్కటే పీకి కొత్తది కొట్టాలి. బయట కొట్టేవాడికి లోపల ఉన్న మనిషి కనిపించదు. అందుకని వాళ్ళిద్దరూ ఒక భాష పెట్టుకున్నారు. లోపలినుంచి ఒక్కసారి తడితే "పట్టుకున్న, కొట్టు" అని. రెండుసార్లు తడితే "అయింది, పక్కది" అని.

టక్ అని లోపల. టక్ టక్ టక్ అని బయట. టక్ టక్ అని లోపల.

నోరు మెదపకుండా గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నారు! కన్నకొడుకుతో తను నోరారా మాట్లాడినా ఒక్కదానికి జవాబు రాదు.

"నిన్న పడవ నిండ నీళ్ళు పోసిండ్రు," అని సాయవ్వ వార్త చెప్పింది. "యాడ కారుతున్నదో సుద్దతోటి గీత పెట్టెటందుకట. నేనే ఇరవై బిందెలు మోసిన. మీ అత్తమ్మ చూసి ఏమన్నదో తెల్సా? పడవ నీళ్ళల్ల ఉండాలె గని, నీళ్ళు పడవల ఉండుడేందిరా, గిదేం సదువు అన్నది. పెద్ద దొరసాని నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది."

"మంచిగ నవ్వుతున్నది. నవ్వనీ."

"నవ్వితె తప్పా అమ్మా? ఎన్నేండ్లాయె ఆమె నవ్వక."

గిరిజ బండ దిగింది. కొంగు సర్దుకుంది. గోడలోని తలుపు తీసుకుని అవతలికి నడిచింది. ఎందుకు పోతున్నానో పోయేదాకా ఆమెకే తెలియదు.

"జరుగు అక్కా, నేను పట్టుకుంట."

లీల తలెత్తింది. ముక్కు మీద మసి. "నువ్వా? చీర ఖరాబైతది గిరిజా."

"నీది కాలేదా?"

"నాదేముందే, ఎట్లున్నా ఒక్కటే," అంటూ లీల లేచి చోటిచ్చింది.

గిరిజ పడవలో కూర్చుంది. దిమ్మె బరువు మణికట్టు లాగేసింది. రేకుకు ఆనించి, ఒక్కసారి తట్టింది. బయట కొడుకు అడుగు దగ్గరైంది. ఇన్నాళ్ళకు వాడికీ తనకూ మధ్య ఒక పల్చటి రేకు తప్ప ఏమీ లేదని గుండె ఉప్పొంగింది.

టక్!

దెబ్బ ఎముకలోకి దిగింది. గిరిజ అదిరిపడి చెయ్యి వెనక్కి లాగేసింది. రెండో దెబ్బకు ఆనించేది లేక రివిట్టు వంగిపోయి, చుట్టూ రేకు సొట్టపడింది.

"అమ్మా!" మదన్ తల లోపలికి పెట్టి చూశాడు. "ఇడిసిపెడ్తవెందుకు? కొట్టేది నీ చేతిని కాదు గదా!"

"నీ చెయ్యి జారుతదేమో అనుకున్న..."

"నా చెయ్యి జారదు. నీకు ప్రతీదానికి భయమే. భయపడేటోళ్ళు పట్టుకుంటె ఈ పని కాదు. లే నువ్వు. పెద్దమ్మా, నువ్వు రా."

వాడు విసుక్కోలేదు. అరవలేదు. ఉన్న మాట అన్నాడు. అదే కోసుకుపోయింది.

లీల చెయ్యిచ్చి లేపబోయింది. గిరిజ ఆ చెయ్యి పట్టుకోలేదు. పడవ అంచు పట్టుకుని తనే దిగింది. గోడ దాటుతుండగానే వెనుక మళ్ళీ మొదలైంది. టక్. టక్ టక్ టక్. టక్ టక్.

* * *

శ్రావణ శుక్రవారం గిరిజ ఇంట్లో పేరంటం. పేరంటానికి లీల రాదు, రాకూడదు. ఏడాదికి ఒక్క ఈ నెలే గిరిజకు గోడ ఎత్తుగా అనిపిస్తుంది.

అయినా పొద్దున్నే పళ్ళెం నిండా సన్నజాజులు మదన్ చేత పంపింది లీల. తన చెట్టువి. పేరంటాళ్ళకు ఇయ్యమని.

సాయంత్రం వీధిలోని ఆడవాళ్ళు వచ్చి, నానబెట్టిన శనగలూ తాంబూలమూ తీసుకుని వెళ్ళిపోయారు. ఆఖరున వచ్చింది రాధ. వీధి చివర అద్దెకు దిగిన కొత్త ఎస్సై భార్య. పెళ్ళై ఏడాది కాలేదు, నోట్లో మాట ఆగదు. గిరిజ పీట వేసి ఆమె కాళ్ళకు పసుపు రాస్తోంది.

"ఎంత మంచి జాజులు ఆంటీ! మీ చెట్టువేనా?"

"మా యారాలు పంపింది."

"ఓ, గా ఆంటీనా! నేను చూసిన. మొన్న బజార్ల మీ అబ్బాయి స్కూటర్ మీద ఎక్కించుకుని పోతున్నడు. కొంగు చక్రంల పడ్తదని బండి ఆపి, కొంగు సర్ది, మల్ల ఎక్కించుకున్నడు. ఎంత ముద్దనిపించిందో! ఆమె కొడుకే అనుకున్న నేను. కాదట గదా?"

పసుపు చెయ్యి రాధ మడమ మీద ఆగిపోయింది.

"కాదు," అన్నది గిరిజ. "ఆమెకు పిల్లలు లేరు."

"అయ్యో పాపం."

పాపం ఆమెది. ఫలం ఎవరిది? గిరిజ మళ్ళీ పసుపు రాయడం మొదలుపెట్టింది. కొంచెం గట్టిగానే రాసింది.

"పగలంత ఏందో చప్పుడైతది ఆంటీ పక్కింట్ల? మా ఇంటిదాక వినవడ్తది."

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తన నోరు తనదే అయినా ఆ క్షణాన గిరిజకు అది ఎవరిదో అనిపించింది.

"పడవ."

"పడవనా! కోరుట్లనా?"

"కోరుట్లల కాదు, గోదావరిల ఏసెటందుకు. ఆదివారం లారీ మీద తీసుకపోతరట. మోటారు పడవ. అవతలి ఒడ్డుకు పోతరట."

"అవతలికా? అవతల అడవి గదా ఆంటీ? మా ఆయన రోజు అదే అంటుంటడు, రేవు దాటనిస్తెనే తిప్పలంత అని."

"గదే నా భయం గూడ బిడ్డా. ఆడమనిషికి ఏం తెలుస్తది? మీ ఆయన చెవుల ఒక మాట ఎయ్యి. వచ్చి ఒక తాళం ఏసి పోతె చాలు. ఎవలకు నష్టం లేదు."

ఆమె కోరింది అంతే. పోలీసులు వస్తారు, పడవకు గొలుసు వేస్తారు, లీల నాలుగు రోజులు ఏడుస్తుంది, కొడుకు ఇంటికి వస్తాడు. అంతకన్నా చెడు ఆమె కోరలేదు.

"ఎవరు బాగు చేస్తున్నరు ఆంటీ?"

కొడుకు పేరు పోలీసు ఇంటికి పోవడమా? ఈ రోజుల్లోనా? పేరు ఒక్కసారి ఆ గడప దాటితే మళ్ళీ వెనక్కి వస్తుందా?

"ఎవడో బయటి మెకానిక్. పొద్దున వస్తడు, పోతడు. పేరు తెల్వది, ఊరు తెల్వది."

చెప్పాక కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. ఆ పడవను బాగుచేసింది తన కొడుకు కాదు. ఆమెకోసం చెమటోడ్చింది తన కొడుకు కాదు. ఎవడో. పేరు లేనోడు.

"నేను చెప్పిననని మాత్రం చెప్పకు బిడ్డా."

"అయ్యో, చెప్పనాంటీ," అని రాధ తాంబూలం కొంగున కట్టుకుని, జడలో యారాలి జాజులు తురుముకుని వెళ్ళిపోయింది.

* * *

శనివారం మిట్టమధ్యాహ్నం అవతల ఇంజన్ స్టార్టయింది.

నీళ్ళు నింపిన పీపాలో మోటారు ముంచి నడుపుతున్నారు. వీధి వీధంతా దద్దరిల్లింది. నీలం పొగ గోడ దాటి వచ్చింది. "వచ్చిందే పెద్దమ్మా, పాణం వచ్చింది!" అని మదన్ కేక. వాడు పుట్టినప్పుడు మంత్రసాని దేవవ్వ కూడా అలాగే అరిచింది, ఇదే మాట. గిరిజ పొయ్యి ముందు చెవులు మూసుకుంది.

ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోయింది. ఆగాక గానీ వినిపించలేదు ఇంకో బండి చప్పుడు. జీపు.

గిరిజ పరుగెత్తి బండ ఎక్కింది.

ఎస్సై, ఇద్దరు జవాన్లు. ఎస్సై చిన్నవాడే, మర్యాదగానే ఉన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మాదే. మావారిది," అన్నది లీల. చేతులనిండా నూనె మరకలు.

"బాగు చేసిందెవరు?"

"వీడే. మా కొడుకు."

అంత భయంలోనూ ఆ మాట గిరిజకు ముల్లై గుచ్చుకుంది.

"నేనే సార్," అన్నాడు మదన్. "మొత్తం నేనే చేసిన."

ఎస్సై నవ్వాడు. "ఈ పని ఒక్కనితోటి కాదు తమ్మీ, నాకూ కొంచెం తెలుసు. మాకు వచ్చిన సమాచారం వేరే ఉన్నది. ఎవరో బయటి మెకానిక్ వస్తున్నడు. పేరు ఎవరికీ తెల్వది, ఊరు ఎవరికీ తెల్వది. నది దాటే పడవ, పేరు లేని మనిషి. నువ్వే నా జాగాల ఉంటె ఏమనుకుంటవు?"

"మీకెవలో అబద్ధం చెప్పిండ్రు సార్."

"అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉన్న మనిషి కాదు చెప్పింది."

ఆ మాట అన్నప్పుడు అతను గోడవైపు చూడలేదు. వచ్చినప్పటినుంచి ఒక్కసారీ చూడలేదు. గోడ మీద ఒక ఆడమనిషి తల కనిపిస్తుంటే మామూలు మనిషైతే ఒక్కసారైనా చూస్తాడు. అతను తనను కాపాడుతున్నాడని గిరిజకు అర్థమైంది.

"చూడండమ్మా," ఎస్సై లీలవైపు తిరిగాడు. "మీ మీద నాకు అనుమానం లేదు. మిమ్మల్ని బెదిరిచ్చి వాళ్ళు చేయించుకుంటున్నరేమో. అట్లయితె భయపడకుండ చెప్పండి. చెప్పకపోతె ఈ అబ్బాయిని తీసుకపోయి అడగాల్సొస్తది."

అడగడం. ఆ మాటకు ఆ జిల్లాలో తల్లులందరికీ అర్థం తెలుసు. అడగడానికి తీసుకుపోయినవాళ్ళలో కొందరు కుంటుతూ వచ్చారు. కొందరు పేపర్లో బొమ్మగా వచ్చారు.

'ఎవ్వలు లేరు సారూ, నేనే అబద్ధం ఆడిన.' అంతే మాట. గిరిజ నోరు తెరిచింది. ఆ మాట అంటే కొడుకు తల ఇటు తిరుగుతుంది. ఒక్కసారి తిరిగి చూస్తాడు, ఆపైన ఈ జన్మలో ఇటు చూడడు.

ఒక్క గుక్క ఊపిరి సేపు ఆలోచించింది. ఆ గుక్కలోనే అయిపోయింది.

"వచ్చిండు సార్," అన్నది లీల.

"పెద్దమ్మా!"

"నువ్వూకో కొడుకా. వచ్చిండు సార్, బయటోడే. నేనే పిలిపిచ్చిన. వీడు సుత్తె అందియ్యవట్టె, గంతే. వీనికేం తెల్వది, పిల్లగాడు. వాని ఆనవాళ్ళు ఏవైనా నేను చెప్త, పదండ్రి."

"పెద్దమ్మా, ఏం మాట్లాడ్తున్నవు? ఎవడే వచ్చింది?"

లీల వాడి మాట వినలేదు. పీపాలో చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, తల నిండా కప్పుకుంది. "ఇంజను వేడి మీదున్నది, నీళ్ళు మార్చు," అని చెప్పి, పిలవని పేరంటానికి పోతున్నట్టు నెమ్మదిగా నడిచి జీపు ఎక్కింది.

గిరిజ గోడ పట్టుకుని నిలబడింది. ఒకే అబద్ధం. తను ఆడితే కొడుకు ఇరుక్కున్నాడు. ఆమె ఆడితే విడిపడ్డాడు. తల్లి ఎవరని ఇప్పుడు ఆ వాకిట్లో ఎవరినైనా అడిగితే ఏం చెబుతారు?

జీపు దుమ్ము సర్దుకోలేదింకా, ఇంత ఆపదలోనూ ఆమె లోపల రగిలింది మళ్ళీ ఆ పాత మంటే. ఇదీ ఆమే గెలిచింది.

* * *

గోడలోని తలుపు దబ్బున తెరుచుకుంది. "అమ్మా!"

ఆరు నెలల్లో వాడు ఈ వాకిట్లోకి పరుగెత్తుకుంటూ రావడం ఇదే మొదలు.

"ఏమైందిరా? ఏం జీపు?" రంగనాయకమ్మ లోపలినుంచి గోడ పట్టుకుంటూ వస్తోంది. వాడు వినిపించుకోలేదు. గిరిజ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దమ్మ నాకోసం అబద్ధం చెప్పింది. రేపు గా మెకానిక్ ఏడీ అంటె యాడికెళ్ళి తెస్తది? ఇడిసిపెడ్తరా ఆమెను? రా, టేషన్‌కు పోదాం."

"నేనా? నేనెందుకు కొడుకా? మీ బాపుకు ఫోన్ చేద్దాం, సిరిసిల్లకెళ్ళి వస్తడు..."

"బాపు వచ్చేదాక ఆగుడా? ఆమెను ఒక్కదాన్ని ఆడ కూసోబెట్టి? నువ్వు రా. రోజు గోడ మీదికెళ్ళి చూస్తున్నవు గదా, నాకు తెల్సు. ఇంకెవ్వలు రాలేదని కండ్లార చూసిన మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు చెప్తె నమ్ముతరు. కన్నతల్లి మాట ఎవడు కాదంటడు?"

కన్నతల్లి. ఎన్ని రోజులైంది వాడి నోట ఆ మాట విని! ఎన్ని దేవుళ్ళకు మొక్కింది, కొండగట్టు అంజన్నకు ఎన్ని కొబ్బరికాయలు మొక్కింది, నా కొడుకు నన్ను ఒక్కసారి నువ్వు కావాలె అమ్మా అనాలని!

"చీర మార్చుకుంటా..."

"గట్లనే రా."

స్కూటర్ వీధిలోకి తీశాడు. గిరిజ వెనుక కూర్చుంది. వాడు ఒక్క నిమిషం ఆగి, వెనక్కి వంగి, ఆమె కొంగు చక్రంలో పడకుండా సర్దాడు.

"ఏం చెప్పాలె నేను?" అడిగింది ఆమె.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. ముందుగాల నేను గా ఎస్సైని ఒక్కటే అడుగుత. గా మెకానిక్ ముచ్చట చెప్పిందెవలో వాని పేరు చెప్పుమంట. చెప్పేదాక టేషన్‌లకెళ్ళి కదల." కిక్కు కొట్టాడు. బండి అంటుకుంది. "నువ్వు జర యాది చెయ్యి అమ్మా. మన మీద గంత కడుపుమంట ఎవలకున్నది?"

గిరిజ కొడుకు భుజం గట్టిగా పట్టుకుంది. స్కూటర్ కదిలింది.